హాజరు పట్టీలో సమానత్వం

ఖరగ్‌పూర్ స్టేషన్ నుంచి ఐఐటీకి వెళ్లే దారిలో పూరీ గేట్ వస్తుంది. ఆ పేటకు ఒక దిక్కున బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టించిన పట్టణం ఉంది. ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు నాలుగు తరాలుగా ఆ రైల్వేను నమ్ముకుని అక్కడ బతుకుతున్నాయి. ఇంకో దిక్కున, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో ప్రారంభమైన దేశపు తొలి ఐఐటీ ఉంది. రెండింటికీ అంతిమ యజమాని భారత ప్రభుత్వమే. రాజ్యాంగంలోని 14, 15, 16 అధికరణాల నుంచి తప్పించుకునే వీలు లేని యజమాని అది. నోటీసు బోర్డు, కమిటీ, శిక్షణ తరగతి, వార్షిక నివేదిక అంటూ చట్టం కోరే ప్రతి కాగితాన్నీ సిద్ధం చేయగల గుమాస్తా బలగం దానికి ఉంది. పని స్థలంలో వివక్షను శిక్షణతో నివారించవచ్చునన్న సిద్ధాంతం నిజమైతే, అది అన్నిటికంటే ముందు రుజువు కావలసిన చోటు పూరీ గేటుకు అటూ ఇటూ ఉన్న ఈ నేల. ఆ సిద్ధాంతాన్ని ఢిల్లీలో ఒక మంత్రి తరువాత ఒక మంత్రి వల్లిస్తున్నారు కనుక ఈ పరీక్ష అవసరమవుతున్నది.

2021 ఏప్రిల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రిపరేటరీ కోర్సు విద్యార్థులకు ఆన్‌లైన్‌లో ఆంగ్ల పాఠం జరుగుతున్నది. ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థుల కోసం నడిపే కోర్సు అది. పాఠం చెబుతున్న అధ్యాపకురాలు ఆ విద్యార్థులను పచ్చిగా దూషించిన వీడియో బయటికి వచ్చి దేశమంతా వ్యాపించింది. నిరసనలు వెల్లువెత్తిన తరువాత సంస్థ ఆమెను సస్పెండ్ చేసింది. ఇందులో గమనించవలసినది ఒకటుంది. కోవిడ్ వల్ల తరగతి గది తెర మీదికి మారింది కాబట్టి ఆ మాటలు రికార్డయ్యాయి. అవే మాటలు నాలుగు గోడల మధ్య పలికి ఉంటే ఏమయ్యేది? విద్యార్థుల ఫిర్యాదుకు ఎదురుగా అధ్యాపకురాలి మాట నిలబడేది, విచారణ ఎప్పటికో ముగిసేది, దేశానికి ఆ కోర్సు పేరు కూడా తెలిసేది కాదు. సంస్థను కదిలించినది ఆ వీడియో. సమానత్వాన్ని బోధించే స్లైడ్లకు ఆ ఘనతలో పాలు లేదు.

విద్యార్థులు ఉద్యోగులు కారు, అది వేరే విషయమని యాజమాన్యాల తరఫు వకీళ్లు అనవచ్చు. దూషించిన వ్యక్తి మాత్రం ఉద్యోగే. ఆమె ప్రవర్తనకు జవాబు చెప్పవలసినది యజమానే. పైగా ఆనాటి ఐఐటీలో లైంగిక వేధింపుల విషయంలో యజమాని చేయవలసిన పనులను నిర్దేశించే పార్లమెంటు చట్టం ఉన్నది. కుల దూషణ విషయంలో శిక్షణ ఇవ్వాలని, కమిటీ వేయాలని, లెక్క చెప్పాలని యజమానిని ఆదేశించే అటువంటి చట్టం లేదు. ఈ తేడా యాదృచ్ఛికమైనది కాదు. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే నేటి శిక్షణ వ్యాపారం లోగుట్టు కూడా తెలుస్తుంది.

1992లో రాజస్థాన్‌లో భన్వరీ దేవి అనే మహిళ మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె రాష్ట్ర ప్రభుత్వపు మహిళాభివృద్ధి కార్యక్రమంలో గ్రామస్థాయి కార్యకర్త. చేసిన నేరమల్లా ఒక బాల్య వివాహాన్ని ఆపబోవడం, అంటే ప్రభుత్వం ఒప్పగించిన పని చేయడం. ఆమె కుమ్మరి కులస్థురాలు. దాడి చేసినవారు ఆ ఊరిలో ఆమె కులం కంటే పైచేయిగా ఉన్న కులాలవారు. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచారం అభియోగం నుంచి విముక్తులను చేసింది. ఆ అన్యాయం నుంచి పుట్టిన వ్యాజ్యంలోనే 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలను వెలువరించింది. పదహారేళ్ల తరువాత, 2013లో, పార్లమెంటు వాటిని చట్టం చేసింది. భన్వరీ దేవి స్త్రీ కావడం వల్లనే కాక, ఆ కులపు స్త్రీ కావడం వల్ల కూడా దాడికి గురయింది. ఆమె గాయం నుంచి పుట్టిన చట్టం మాత్రం లింగాన్ని తీసుకుని కులాన్ని వదిలేసింది. ఆమె జీతం అందుకునే ఉద్యోగి కూడా కాదు, నామమాత్రపు గౌరవ భృతి మీద పనిచేసిన మనిషి. నేడు హైటెక్ సిటీలో చల్లని సమావేశ మందిరాల్లో ఆ చట్టం మీద శిక్షణ పొందుతున్నవారిలో ఎందరికి ఈ కథ చెబుతున్నారో విచారించదగ్గ విషయం.

ఆ చట్టం యజమానికి ఏ స్థానం ఇచ్చిందో చూడాలి. పదిమంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దాని సభ్యులను నియమించేది యజమాని. బయటి నుంచి వచ్చే స్వచ్ఛంద సంస్థ ప్రతినిధికి రుసుము చెల్లించేది యజమాని. పందొమ్మిదో సెక్షన్ ప్రకారం ఉద్యోగులకు అవగాహన సదస్సులు, కమిటీ సభ్యులకు శిక్షణ ఏర్పాటు చేసేది యజమాని, కనుక శిక్షకుణ్ణి ఎంచుకునేదీ యజమానే. తప్పు చేసిన మేనేజరు, తీర్పు చెప్పే కమిటీ, ఆ కమిటీకి పాఠం చెప్పే పంతులు, అందరి జీతాల పుస్తకమూ ఒకే బల్ల మీద ఉంటుంది. శిక్షణ అమ్మే సంస్థ మనిషే అదే కంపెనీ కమిటీలో బయటి సభ్యుడిగా కూర్చోవడాన్ని చట్టం నిషేధించలేదు. ఇన్ని విధులూ ఎగవేసిన యజమానికి మొదటి తప్పుకు పడే గరిష్ఠ జరిమానా 50,000 రూపాయలు. పెద్ద కంపెనీ పంచనక్షత్ర హోటల్లో ఒక పూట శిక్షణ తరగతి పెడితే కాఫీ, ఫలహారాలకే అంతకంటే ఎక్కువవుతుంది.

ఈ ఏర్పాటులో వ్యాపారం పుట్టకపోతేనే ఆశ్చర్యం. పుట్టింది, పెరిగింది. ఏడాదికి ఒకసారి గంటన్నర స్లైడ్లు, చివర పది ప్రశ్నల క్విజ్, ఆ వెంటనే ఈమెయిల్‌లో సర్టిఫికెట్. ప్రకటనల్లో వాడే భాషను గమనిస్తే సరుకు స్వభావం తెలుస్తుంది. ‘మీ సంస్థను ప్రమాదం నుంచి కాపాడుకోండి’ అన్నది వారి పిలుపు. ప్రమాదం అంటే ఉద్యోగికి జరిగే అవమానం అనుకుంటే పొరపాటు. అవమానపడినవారు ఫిర్యాదు చేయడమే అక్కడ ప్రమాదం. దురుద్దేశపూర్వక ఫిర్యాదుల మీద చర్య తీసుకోవచ్చునని చెప్పే పద్నాలుగో సెక్షన్‌ను ఇటువంటి తరగతుల్లో ఎంత ఇష్టంగా వివరిస్తారో విన్నవారికి తెలుసు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు దురుద్దేశపూర్వకమైనట్లు కాదని అదే సెక్షన్ చెబుతుంది. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి స్లైడు త్వరగా మారిపోతుంది. చిత్తశుద్ధితో పనిచేసే శిక్షకులు లేరని కాదు. మహిళా ఉద్యమాల నుంచి వచ్చి, కార్మికుల మధ్య కూర్చుని, వారి భాషలో మాట్లాడేవారు ఉన్నారు. మార్కెట్ వారిని పిలవడం లేదు, అంతే.

2023 మే 12న గోవా విశ్వవిద్యాలయానికి చెందిన ఒక కేసులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఈ చట్టం అమలులో తీవ్ర లోపాలున్నాయని విచారం వ్యక్తం చేసింది. 30 జాతీయ క్రీడా సమాఖ్యల్లో 16 సంస్థలకు సక్రమమైన కమిటీయే లేదన్న పత్రికా కథనాన్ని తన తీర్పులో ఉటంకించింది. మహిళా మల్లయోధులు జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్న రోజులవి. చట్టం వచ్చి పదేళ్లు గడిచాక అత్యున్నత న్యాయస్థానం ‘ముందు కమిటీలు వేయండి’ అని ప్రభుత్వాలకు చెప్పవలసి వచ్చింది. కంపెనీల విషయంలో 2018 నుంచి డైరెక్టర్ల బోర్డు తన నివేదికలో కమిటీ వేశామని ప్రకటించాలి. 2025 జూలై నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని తేలాయో, తొంభై రోజులు దాటినవి ఎన్నో చెప్పాలి. మంచి నిబంధనే. అయితే ఫిర్యాదుల గడిలో సున్నా కనబడితే మన కార్పొరేట్ ప్రపంచం చప్పట్లు కొడుతుంది. వేలమంది పనిచేసే చోట ఆ సున్నాను చూసి ఎవరికీ అనుమానం రావడం లేదు.

లింగం విషయంలో ఇంత లొసుగుల చట్టమైనా ఉంది. వైకల్యం విషయంలో 2016 నాటి చట్టం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలంటుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో 2019 నాటి చట్టం ఫిర్యాదుల అధికారిని నియమించాలంటుంది. కులం, మతం దగ్గరికి వచ్చేసరికి ప్రైవేటు యజమానిని ప్రశ్నించే పౌర చట్టం శూన్యం. దళిత ఉద్యోగికి మిగిలినది అత్యాచారాల నిరోధక చట్టం. అది పోలీసు స్టేషన్ దారి. అందులోనూ, కులం పేరుతో దూషించారంటే అది పదిమంది కంటబడే చోట జరిగి ఉండాలని చట్టం చెబుతుంది. 2020 నవంబరులో సుప్రీంకోర్టు హితేష్ వర్మ కేసులో, బయటివారెవరూ లేని ఇంటి నాలుగు గోడల మధ్య జరిగిన దూషణ ఆ నిర్వచనంలోకి రాదని తేల్చింది. మేనేజరు గది తలుపు వేసి ఉంటుంది. ప్రమోషన్ ఇవ్వకపోవడం, ముఖ్యమైన పనికి పిలవకపోవడం, ఇంటర్వ్యూలో ఇంటిపేరు ఆరా తీయడం వంటివి దూషణ కిందికి అసలే రావు.

వివక్ష ఉందనడానికి రుజువులు లేవా అంటే ఉన్నాయి. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ కలిసి చేసిన అధ్యయనం 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఒకే అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి, ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ హిందువు పేరుతో పోల్చితే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. దరఖాస్తు తెరిచిన గుమాస్తా దగ్గరే తలుపు మూసుకుంటే, లోపలికి వచ్చినవారికి ఇచ్చే శిక్షణ ఎవరిని ఉద్ధరిస్తుంది?

దీనికి రాజకీయ వర్గం చెప్పిన జవాబుల జాబితా దేశపు సిగ్గుల జాబితాల్లో చేర్చదగ్గది. ఉద్యోగాల్లో వివక్షను నిర్మూలిస్తామని అంతర్జాతీయ కార్మిక సంస్థ 111వ ఒడంబడికను భారత్ 1960లోనే ఆమోదించింది. 2004లో యూపీఏ ప్రభుత్వం ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మాట ఎత్తగానే పరిశ్రమాధిపతులు ఉలిక్కిపడ్డారు. 2006లో జె.జె. ఇరానీ నాయకత్వంలో సీఐఐ, అసోచామ్‌ల కార్యదళం స్వచ్ఛంద ప్రవర్తనా నియమావళిని ముందు పెట్టింది. చట్టం వద్దు, మేమే బాగుపడతాం, శిక్షణ ఇస్తాం అన్నది దాని సారం. ప్రభుత్వం ఆనందంగా తల ఊపింది. అదే ఏడాది సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్ కావాలంది. 2008లో మాధవ మీనన్ నిపుణుల బృందం బిల్లు ముసాయిదాతో సహా నివేదిక ఇచ్చింది. కమిషన్ నేటికీ పుట్టలేదు. 2017లో శశి థరూర్ వివక్ష వ్యతిరేక బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టారు. ప్రైవేటు సభ్యుల బిల్లులకు పట్టే గతే దానికీ పట్టింది. ఆ తరువాత 29 కార్మిక చట్టాలను నాలుగు కోడ్లుగా కుదించిన నరేంద్ర మోదీ ప్రభుత్వం వాటిని 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చింది. వేతనాల కోడ్ మూడో సెక్షన్ నియామకాల్లోను, వేతనాల్లోను లింగ వివక్షను నిషేధించింది. ఆ ఒక్క వాక్యంలో కులం, మతం అన్న రెండు మాటలు చేర్చడానికి సిరా సరిపోలేదు. కాంగ్రెస్ పదేళ్లు కమిషన్ పేరు చెప్పి కాలం గడిపింది, బీజేపీ ఆ పేరు కూడా చెప్పడం మానేసింది.

అమెరికాను చూసి నేర్చుకోమనేవారు ఉన్నారు. నేర్చుకోవలసినది నిజంగానే ఉంది. 1998లో అక్కడి సుప్రీంకోర్టు రెండు కేసుల్లో, వేధింపులను నివారించడానికి సహేతుకమైన శ్రద్ధ తీసుకున్నామని చూపగలిగే యజమాని కొన్ని పరిస్థితుల్లో బాధ్యత నుంచి బయటపడవచ్చునని చెప్పింది. శ్రద్ధకు సులభమైన సాక్ష్యం శిక్షణ తరగతి హాజరు పట్టీ. ఆ పట్టీ మీద ఒక పరిశ్రమే లేచింది. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు వందలాది సంస్థల దశాబ్దాల లెక్కలు పరిశీలించి, నిర్బంధ శిక్షణ వల్ల మేనేజర్ల స్థాయిలో వైవిధ్యం పెరగలేదని, కొన్ని వర్గాల వాటా తగ్గిందని కూడా 2016లో రాశారు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వం సిస్కో మీద కుల వివక్ష దావా వేసింది. వ్యక్తులుగా ఉన్న ఇద్దరు ఇంజనీర్ల మీద అభియోగాన్ని 2023లో ఉపసంహరించుకున్నా, ఆ దావా చేసిన పని మిగిలింది. యాపిల్, ఐబీఎం తమ నియమావళుల్లో కులం అన్న మాటను చేర్చాయి. ఏళ్లపాటు సాగిన తరగతులు చేయలేనిది ఒక దావా నెలల్లో చేసింది. కులం ప్రస్తావన ఉన్న తమ ఏకైక శిక్షణ భారత్‌లోని మేనేజర్లకేనని ఐబీఎం 2022లో రాయిటర్స్‌కు చెప్పింది. విదేశీ కంపెనీ తనంత తాను ఇక్కడి మేనేజర్లకు చెప్పే పాఠాన్ని, ఇక్కడి కంపెనీలకు తప్పనిసరి చేయడానికి ఇక్కడి పార్లమెంటుకు ధైర్యం లేదు.

మళ్లీ రైలు పట్టాల దగ్గరికి వద్దాం. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టంలో రైల్వేకు ఒక ప్రత్యేక గది కట్టారు. రైలు పెట్టెలోని మరుగుదొడ్డిని, కేంద్రం నోటిఫై చేసిన పరికరాలతో, రక్షణ సామగ్రితో ఉద్యోగి శుభ్రం చేస్తే అది ‘అపరిశుభ్ర మరుగుదొడ్డి’ కాదట. ఆ సామగ్రి ధరించి మలం ఎత్తిన మనిషి చట్టం దృష్టిలో ఆ పని చేసేవాడు కాడట. గ్లోవ్స్ తొడిగితే కుల వృత్తి మాయమైపోతుందన్న ఈ కనికట్టును మించిన అనుపాలన పాఠం ఏ సలహా సంస్థా రాయలేదు. కోలార్ బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ నాయకత్వంలోని సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో వేసిన వ్యాజ్యంలో, 2014 మార్చి 27న సుప్రీంకోర్టు రైల్వే పట్టాల మీద ఈ పనిని నిర్ణీత కాలంలో అంతం చేసే ప్రణాళిక చేపట్టాలని ఆదేశించింది. బయో టాయిలెట్లు వచ్చాయి, మంచిదే. యంత్రం వచ్చాక కూడా చీపురు ఎవరి చేతిలో ఉన్నది, ఆ చేతులు ఏ కులానివి, జీతం కాంట్రాక్టరు చేతుల మీదుగా ఎంత అందుతున్నది అన్న ప్రశ్నలకు ఏ స్టేషన్ మాస్టరు గదిలోని శిక్షణ ఫైలూ జవాబు చెప్పదు. లైంగిక వేధింపుల చట్టం కాంట్రాక్టరు ద్వారా వచ్చిన కార్మికురాలిని కూడా ఉద్యోగిగానే నిర్వచిస్తుంది. ప్రధాన యజమానికి తెలియకుండా తెచ్చినా సరే అంటుంది. శిక్షణ తరగతి గది నిండేది మాత్రం గుర్తింపు కార్డు ఉన్నవారితోనే.

భాష సంగతి కూడా అంతే. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక మేరకు 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఎన్నికల ముందు తీసుకున్న నిర్ణయమని మమతా బెనర్జీని విమర్శించినవారు ఉన్నారు, నిర్ణయం న్యాయమైనదే. అయితే కమిటీ సభ్యుల పేర్లు, ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉందన్న సంగతి తెలుగులో గోడ మీద రాయాలని ఆ హోదా ఏ యజమానినీ కట్టడి చేయడం లేదు. ఊడ్చే మనిషికి అర్థం కాని భాషలో చెప్పిన హక్కు, యజమాని ఫైలుకు మాత్రం పనికివస్తుంది.

ఇదే ఖరగ్‌పూర్‌లో 1927లో వర్క్‌షాపు కార్మికులు ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా పోరాడారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘానికి నాయకత్వం వహించినవారిలో బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి. గిరి ప్రముఖుడు. రైల్వే కొలువుల్లో యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు ఒక మెట్టు, భారతీయులకు ఇంకో మెట్టు ఉన్న కాలమది. 1931లో వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక సైతం ఆ జాతి వివక్షను ప్రస్తావించక తప్పలేదు. ఆ వివక్షను తగ్గించినది తెల్ల అధికారులకు ఇచ్చిన సదస్సులు కావు. అడిగే సంఘం ఉండటం, సమ్మె భయం ఉండటం. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయిన గిరి, వివాదాలను యజమాని, సంఘం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని పట్టుబట్టారు. 1954లో బ్యాంకు అవార్డు విషయంలో ప్రభుత్వంతో విభేదించి పదవి వదులుకున్నారు. నేడు ఆయన పేరు మీద నోయిడాలో జాతీయ కార్మిక సంస్థ ఉంది, అక్కడ శిక్షణ కార్యక్రమాలూ జరుగుతాయి. ఆయన కోరిన ఎదురెదురు బల్ల మాత్రం అంతర్గత కమిటీలో లేదు. కార్మిక సంఘం ఒక్క సభ్యుణ్ణి కూడా పంపలేని కమిటీ అది.

పార్లమెంటు చేయవలసిన సవరణలు గహనమైనవేమీ కావు. వేతనాల కోడ్ మూడో సెక్షన్‌లో కులం, మతం, వైకల్యం చేర్చాలి. అంతర్గత కమిటీలో సగం మందిని కార్మికులే రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకోవాలి. బయటి సభ్యుణ్ణి జిల్లా అధికార యంత్రాంగం పంపాలి, ఆ వ్యక్తి అదే సంస్థకు శిక్షణ అమ్మరాదు. యజమాని నుంచి వసూలు చేసిన సొమ్ముతో శిక్షణ నడపాలి, శిక్షకుణ్ణి ఎంచుకునే అధికారం యజమానికి ఉండరాదు. తరగతి కాంట్రాక్టు కార్మికులతో, వారి భాషలో, పని వేళల్లో, కూలి కోత లేకుండా మొదలు కావాలి. ఎవరిని ఏ పనికి తీసుకున్నారో, ఏ స్థాయిలో ఏ వర్గాలవారు ఎందరున్నారో ప్రతి పెద్ద యజమానీ ఏటా ప్రకటించాలి. అమెరికాలో పెద్ద కంపెనీలు 1960ల నుంచి తమ సిబ్బందిలో జాతులవారీ లెక్కను ప్రభుత్వానికి సమర్పిస్తున్నాయి. రైల్వే బోర్డుకు, ఐఐటీ పాలక మండళ్లకు ఈ లెక్కలు చెప్పడానికి కొత్త చట్టం కూడా అక్కరలేదు. కేంద్ర మంత్రుల రెండు సంతకాలు చాలు. పూరీ గేటుకు ఇటు పక్క రైల్వే మంత్రి సంతకం, అటు పక్క విద్యా మంత్రి సంతకం.